ఫలక్‌నుమా బండల మధ్య తుమ్మి మొక్క



ఫలక్‌నుమా అనగానే అందరూ గుట్టమీది ప్యాలెస్ వైపు చూస్తారు. 1884లో పునాది పడిన ఆ మేడను చూసి, ఒకసారి మన హాస్టల్ వెనుక బండల సందుల్లోకి కూడా చూడండి. వానలు పడగానే అక్కడ తుమ్మి మొలుస్తుంది. ముళ్ళుండే తుమ్మచెట్టు వేరు, ఈ తుమ్మి వేరు.

దీని శాస్త్రీయ నామం ల్యూకాస్ ఆస్పెరా. గ్రీకులో ల్యూకోస్ అంటే తెలుపు, లాటిన్‌లో ఆస్పెరా అంటే గరుకు. తెల్లని పూలు, గరుకు ఆకులు. పేరులోనే మొక్క ఉంది.

గుర్తుపట్టడం సులభం. కాండాన్ని వేళ్ళ మధ్య తిప్పితే నాలుగు పలకలు తెలుస్తాయి. ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. కణుపుల చుట్టూ పూలు గుత్తులుగా పూస్తాయి. ప్రతి పూవుకూ రెండు పెదవులు; పెద్దదైన కింది పెదవి కీటకాలు వాలడానికి అరుగు వంటిది. కేసరాలు నాలుగు: రెండు పొడవు, రెండు పొట్టి. పుదీన, తులసి కూడా ఈ లామియేసి కుటుంబానివే. లాటిన్‌లో లేబియం అంటే పెదవి. అందుకే ఈ కుటుంబానికి లేబియేటి అనే పాత పేరు.

బండమీది పలుచని మట్టిలో తేమ ఎన్నాళ్ళో ఉండదు. తుమ్మి ఏకవార్షిక మొక్క. తేమ ఉన్నప్పుడే పెరిగి, పూచి, గింజలు రాల్చి చనిపోతుంది. ఎండాకాలాన్ని గింజ రూపంలో దాటుతుంది. అమెరికా నైరుతి ఎడారుల్లో ఇదే కుటుంబపు సాల్వియా కొలంబేరియే కూడా ఇలాగే బతుకుతుంది. అక్కడి ఆదివాసులు దాని గింజలను వేయించి, పిండి చేసుకొని తినేవారు.

ఇక మా సంగతి. మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమే మొదలు. ఒక ప్రాక్టికల్ పరీక్షలో బల్లమీద ఈ మొక్కనే పెట్టారు. పేరు తోచక ఖాళీగా వదిలేశాము. ఆ ఏడు వినాయక చవితికి ఇంటికి వెళ్తే, అమ్మ చేటలో తుమ్మికూర ఏరుతున్నది. తెలంగాణలో ఆ పండుగకు తుమ్మికూర వండుతారు కదా! కాండం పట్టి చూశాము. నాలుగు పలకలు! చిన్ననాటి నుండి తిన్న కూరే పరీక్షలో మమ్మల్ని ఓడించింది. అక్షరం రాని అమ్మకు తెలిసిన మొక్క, పుస్తకాలు చదివిన మాకు తెలియలేదు.

అందుకే మా మనవి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మనో, అవ్వనో పది మొక్కల పేర్లు అడగండి. నోటు పుస్తకంలో ఆ పేరు ముందు రాసి, పక్కన శాస్త్రీయ నామం రాయండి. మన చదువు మన ఇంటి నుండే మొదలైందని అప్పుడు తెలుస్తుంది.