పెన్సిలిన్ అంశమాపనము - ఫలితమును లెక్కించు విధానము

బాన్సువాడ ప్రాంతమున డోంగ్లి వంటి గ్రామమునకు వచ్చి చేరు పెన్సిలిన్ సూదిమందు సీసామీద "10 లక్షల యూనిట్లు" అని అచ్చువేసి యుండును. రోగి ఆ అంకెను నమ్ముకొని చేయి చాపును. ఆ అంకె నిజమగునా కాదా యని తేల్చుటకు రసాయన శాస్త్రజ్ఞుని చేతనున్న సాధనములలో అంశమాపనము ఒకటి. మన విద్యార్థులు బ్యూరెట్టును చక్కగనే చదువుదురు. చదివిన అంకెలను లెక్కలో పెట్టునపుడే తడబడుదురు.

0.6 మైక్రోగ్రాముల బెంజైల్ పెన్సిలిన్ సోడియము ఒక యూనిట్టు. కనుక 1 మిల్లీగ్రాము సుమారు 1667 యూనిట్లు, 10 లక్షల యూనిట్లనగా 600 మిల్లీగ్రాములు.

చెడని పెన్సిలిన్ అయోడిన్‌ను గ్రహింపదు. క్షారముతో దాని బీటా లాక్టమ్ వలయమును విడగొట్టిన పిమ్మట ఏర్పడు పెన్సిలోయిక్ ఆమ్లము గ్రహించును. 1946లో అలిసినో ప్రకటించిన పద్ధతికి ఇదియే పునాది. మిగిలిన అయోడిన్‌ను, పిండి ద్రావణము సూచికగా, సోడియం థయోసల్ఫేటుతో కొలవవలెను. ఒక అణువునకు ఇంచుమించు తొమ్మిది తుల్యాంకముల అయోడిన్ ఖర్చగును. కాని ఈ సంఖ్య ఉష్ణోగ్రతను బట్టి మారును. మే నెలలో మన ప్రయోగశాల వేడిమియు డిసెంబరు వేడిమియు ఒకటి కావు గదా! అందువలన తుల్యభారముతో నేరుగా గుణింపక, బలము తెలిసిన ప్రమాణ పెన్సిలిన్‌ను పక్కనే, అదే పూట, అదే తీరున పరీక్షింపవలెను.

ప్రతి ద్రావణమునకు రెండు కుప్పెలు కావలెను. ఒకదానిలో క్షారము వేయుదుము, రెండవదానిలో వేయము. ఈ రెండవదానినే బ్లాంకు అందురు. ఉదాహరణకు, కుప్పెకు 10 మిల్లీగ్రాముల చొప్పున తీసికొని, 0.02 నార్మల్ థయోసల్ఫేటుతో కొలిచితిమనుకొందము. ప్రమాణమునకు బ్లాంకు 24.8 మి.లీ., క్షారము వేసినది 12.4 మి.లీ.; భేదము 12.4. పరీక్షించు మందునకు బ్లాంకు 24.6, క్షారము వేసినది 12.7, భేదము 11.9. ప్రమాణము నూటికి నూరు శుద్ధమైనచో,

11.9 ÷ 12.4 × 1667 = మిల్లీగ్రామునకు 1600 యూనిట్లు.

అనగా నూటికి 96 వంతులు.

ఇక మరియొక సీసా సంగతి. తేమ తగిలి కొంత చెడినది. దాని బ్లాంకు 22.6, క్షారము వేసినది 12.7. విద్యార్థి శ్రమ తప్పించుకొనుటకై ఈ మందునకు బ్లాంకు చేయక, ప్రమాణపు బ్లాంకు 24.8నే వాడుకొనెను. భేదము 12.1 వచ్చెను, నూటికి 97.6! మందు దివ్యముగా నున్నదని వ్రాసిపెట్టెను. నిజమైన భేదము 9.9 మాత్రమే, నూటికి 80, మిల్లీగ్రామునకు 1331 యూనిట్లు. చెడిన పెన్సిలిన్ ముందే పెన్సిలోయిక్ ఆమ్లమై యుండి, క్షారము లేకయే అయోడిన్‌ను త్రాగినది. బ్లాంకు ఆ మోసమును పట్టి యిచ్చును. బ్లాంకు లేని లెక్క దానినే మంచి మందుగా జమకట్టును. ఆ 600 మిల్లీగ్రాముల సీసాలో వైద్యుడు 10 లక్షలని తలచి ఎక్కించునది 8 లక్షల యూనిట్లే.

కావున ప్రయోగపు పుస్తకమున నాలుగు పఠనములను నాలుగు గడులలో వ్రాసి, భేదములను తీసి, ఆ పిదపనే భాగహారము చేయుడు. మందు తూచిన బరువును మరచిపోవుటయు తరచుగా జరుగును: ప్రమాణపు బరువు, మందు బరువు సమానములు కానిచో, పై భాగఫలమును ప్రమాణపు బరువుచే హెచ్చించి, మందు బరువుచే భాగింపవలెను.