పురిటింటి కాయకము

వీరశైవమున పంచసూతకములు లేవని మనము చిన్ననాటి నుండియు వినుచున్నాము. జననము, మరణము, రజస్సు, ఎంగిలి, జాతి అను ఐదింటి వలన కలుగునని లోకము తలచు మైల లింగధారికి అంటదని బసవాది శరణులు పన్నెండవ శతాబ్దమున కల్యాణమున చాటిరి. ఈ ఐదింటిలో మొదటిది జననసూతకము. దానిని గ్రంథమున చదివి తలయూచుట సులభము. పురిటింటి గడప వద్ద నిలిచి పాటించుట కష్టము. కావున ఈమారు పాఠమునకు గ్రంథమును విడిచి, ఆ గడపను డెబ్బదియేండ్లు త్రొక్కిన ఒక స్త్రీ జీవితమును తీసికొనుచున్నాను.

ఆమె పేరు నరసమ్మగారు. కన్నడదేశమున సూలగిత్తి నరసమ్మ యని ప్రసిద్ధి. ఎర్రమంచి, పెనుకొండ వారికి పావగడ పరాయి ఊరు కాదు. మనకు సూటిగా పడమటనున్నది. తుమకూరు జిల్లాకు చెందినదైనను, మూడువైపుల తెలుగునేలయే దానిని చుట్టుకొని యున్నది. ఆ తాలూకాలో 1920లో నరసమ్మగారు జన్మించిరి. ఇంటిభాష తెలుగు, ఊరిభాష కన్నడము. బడికి పోలేదు. పన్నెండవయేట పెండ్లియైనది. పన్నెండుమంది బిడ్డలను కని, నలుగురిని పసితనముననే పోగొట్టుకొనిరి. కృష్ణాపురమున కాపురముండి పొలముపనులకు కూలికి పోయి బ్రతికిరి.

సూలగిత్తి యను మాటను గూర్చి ఒక్క ముక్క. కన్నడమున ‘సూల్’ అనినను, మన ‘చూలు’ అనినను ఒకటే. చూలాలు అను మాట అందుండియే పుట్టినది. మనము మంత్రసాని యనుదుము. మంత్రమేదియు లేని పనికి ఆ పేరెట్లు వచ్చెనో గాని, చూలునే పేరున నిలుపుకొన్న కన్నడపుమాట నాకు ఎక్కువ నచ్చును.

నరసమ్మగారి గురువు ఆమె అవ్వయే. మనుమరాలి కాన్పులలో ఐదింటిని ఆ అవ్వ తన చేతులమీదుగానే జరిపినది. నొప్పులు పడుచునే శిష్యురాలు విద్య నేర్చినదన్నమాట. 1940లో, ఇరువదియేండ్ల వయస్సున, నరసమ్మగారు తమ బంధువు ఒకామెకు తొలిసారిగా పురుడు పోసిరి. ఊరికి వచ్చిపోవు సంచారజాతులవారి నుండి చూలాండ్రకిచ్చు మూలికామందులు నేర్చుకొనిరి. ఆ జాతులవారు తమ మందును అడిగినవారికెల్ల చెప్పరు. కలివిడిగా మాటలు కలిపి, తమలో ఒకరిగా మెలగినవారికే చెప్పుదురు. క్రమముగా ఆమె చేయి ఎంత నేర్పు గడించినదనగా, పొట్టపై చేయి వేసి లోని బిడ్డ ఎట్లున్నదో, తల యెటు తిరిగినదో చెప్పగలిగిరట. ఆసుపత్రి లేని, బండిబాట కూడ సరిగా లేని ఆ మెట్టసీమలో, నడిరేయి తలుపు తట్టిన ఇంటివానికి ఆ చేయియే దిక్కు.

డెబ్బదియేండ్లలో పదునైదువేలకు పైగా కాన్పులు చేసిరని ప్రసిద్ధి. బడిపంతులు అలవాటు చొప్పున లెక్క వేసి చూచితిని. ఏటికి రెండువందల పైచిలుకు, వారమునకు నాలుగు! ఇవన్నియు ఉచితముగా చేసినవే. అటుపిమ్మట గౌరవములు వచ్చినవి. 2013లో కర్ణాటక రాజ్యోత్సవ పురస్కారము, 2014లో తుమకూరు విశ్వవిద్యాలయము వారి గౌరవ డాక్టరేటు, 2018లో పద్మశ్రీ. అప్పటికి ఆమె తొంబదియేండ్లు దాటిన అవ్వ.

వారిని మన మతమునకు చేర్చి చెప్పుట నా యభిమతము కాదు. అది అవసరము కూడ లేదు. అయితే కాయక, దాసోహములను గూర్చి మనము తరచు పొరబడు ఒక విషయమును వారి జీవితము తేటపరచును. ఊరక సేవ చేయుటయే కాయకమని కొందరు ఉపన్యాసకులు చెప్పుదురు. అది సరికాదు. కాయకమనగా తన కష్టముతో తాను బ్రతుకుట. ఒరుల ముందు చేయి చాపని తనము అందులోనే యున్నది. రాట్నము వడకిన కదిరె రెమ్మవ్వ, వీధి యూడ్చిన సత్యక్క కాయకనిష్ఠులు. ఆయ్దక్కి మారయ్య ఒకనాడు రాలిన బియ్యమును అలవాటుకంటె ఎక్కువగా ఏరి తెచ్చినప్పుడు, భార్య లక్కమ్మ ఆ యెక్కువను మరల అక్కడనే పోసి రమ్మని పంపినది. ఇంటికి ఎంత కావలెనో ఇల్లాలికి తెలియును. ఆ కాయకమున మిగిలిన శక్తి, మిగిలిన కాలము జంగమమునకు, అనగా సమాజమునకు అర్పించుట దాసోహము. నరసమ్మగారికి కూలిపని కాయకము, కాన్పుపని దాసోహము. పగలు చేనులో వంగిన నడుమే రాత్రి పురిటింటిలో వంగినది. ధనికుడు అన్నము పెట్టుట దాసోహమే, కాదనను. కాని పగటికూలిపై బ్రతుకు స్త్రీ తన నిద్రను ఇచ్చుట ఎంత గొప్ప దాసోహమో లెక్కించుటకు మనవద్ద కొలపాత్ర లేదు.

మన పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున బెజ్జమహాదేవి కథ చెప్పినాడు. శివునకు తల్లి లేదే యని ఆ భక్తురాలు తల్లడిల్లి, తానే తల్లియై, లింగమునకు పసిబిడ్డకు చేయు ఉపచారములన్నియు చేసినది. బిడ్డకు జబ్బు చేసెనని బెంగపడి ప్రాణము విడువ సిద్ధపడగా శివుడు ప్రత్యక్షమైనాడు. పసిబిడ్డ సాకుడును పూజగా స్వీకరించిన పురాణము మనది. అందలి లింగమునకు బదులు కూలివాని గుడిసెలోని బిడ్డను ఊహించిన, ఆ బిడ్డకు నీళ్లుపోసిన చేతులు ఎవరివో మనకు కనబడును.

ఇక కఠినమైన మాట. మన కుటుంబములలో ఎనిమిదవ నెలలో గర్భస్థశిశువు కొరకు లింగధారణ జరుపుట సంప్రదాయము. బిడ్డ భూమిపై పడకమునుపే భక్తుడు! అట్టి బిడ్డ పుట్టిన యింట మైల యెక్కడిది? అయినను ఈ సీమ పల్లెలలో నేను చూచినది వేరు. మంత్రసానిని పెరటిత్రోవన రప్పింతురు. బొడ్డు కోసి, మాయ పడువరకు కాచుకొని, నెత్తురుగుడ్డలు ఉతికిన ఆమెను, పని ముగిసిన పిమ్మట పెరటిత్రోవనే పంపుదురు. చేటలో బియ్యము, బెల్లము, పాతచీర పెట్టి దూరము నుండి నేలపై ఉంచుదురు. ఆమె మంగలియో మాదిగయో అయినచో దూరము మరింత పెరుగును. జననసూతకము, జాతిసూతకము అను రెండును ఆ ఒక్క చేటలో కలిసి యున్నవి. లింగము మెడలోనున్న ఇంటివారికి అంటని మైల, బిడ్డ ప్రాణము నిలిపిన ఆమెకు మాత్రము ఎట్లు అంటినది? ఈ ప్రశ్నకు మన పెద్దలలో ఎవరును నాకు సమాధానము చెప్పలేదు. కొందరు నవ్విరి, ఒకరిద్దరు కోపించిరి.

ఇప్పుడు మంత్రసానులు లేరు గదా, ఈ చర్చ యెందులకు అని అడుగవచ్చును. నిజమే. 2022లో ఏర్పడిన మన శ్రీ సత్యసాయి జిల్లాలో కాన్పులు దాదాపుగా ఆసుపత్రులలోనే జరుగుచున్నవి. తల్లీబిడ్డల ప్రాణములకు అదియే మేలు. పాతకాలపు పురిటిచావులు ఎరిగినవారెవరును ఆ కాలము మరల రావలెనని కోరరు. కాని నరసమ్మగారి పని మాయము కాలేదు, పలువురికి పంచబడినది. గ్రామమున ఆశా కార్యకర్త, కాన్పుగదిలో నర్సు, పక్కగుడ్డలు మార్చు ఆయా. బిడ్డ నామకరణమునకు స్వాములవారికి పాదపూజ చేయుదుము, డాక్టరుగారికి పండ్లు పంపుదుము. ఆయాను పిలిచి పంక్తిలో కూర్చుండబెట్టిన లింగవంతుల యింటిని నేను ఒక్కదానిని మాత్రమే ఎరుగుదును. మఠములు పూనుకొనినచో ఈ ఆచారము నెలకొల్పుట కష్టము కాదు. పంక్తిలో ఒక విస్తరి ఎక్కువ వేయవలసి యుండును, అంతే.

నరసమ్మగారు శ్వాసకోశ వ్యాధితో బెంగుళూరులోని ఆసుపత్రిలో 2018 డిసెంబరు 25న, తమ 98వ యేట కన్ను మూసిరి. సరిగా ఇరువదియేడు దినములకు, 2019 జనవరి 21న, అదే తుమకూరు జిల్లాలో సిద్ధగంగ మఠాధిపతులు శ్రీ శివకుమార స్వాములవారు 111వ యేట లింగైక్యులైరి. అన్నము, అక్షరము, ఆశ్రయము అను త్రివిధ దాసోహమునకు స్వాములవారు పేరొందిరి. వారి అంత్యదర్శనమునకు లక్షలాది జనము తరలివచ్చిరి. మన ఊళ్లనుండియు బస్సులు పోయినవి. అక్కడ క్యూలో నిలిచిన పావగడ తాలూకా భక్తులలో, ఈ లోకమున తమను తొలుత తాకిన చేయి నరసమ్మగారిదైనవారు ఎందరుండిరో.