ఒక తడికి ఎంత బొగ్గు?

ఒక ఎకరా వరికి రెండంగుళముల నీరు పెట్టితిరనుకొనుడు. ఆ నీరు ఇంచుమించు 2 లక్షల లీటర్లుండును. బావిలోని నీటిమట్టము నుండి గొట్టపు మూతి వరకు ఎత్తు 30 మీటర్లయినచో, ఆ నీటినంతయు పైకి తోడుటకు ఏమాత్రము వృథా లేనియెడల 17 యూనిట్ల విద్యుత్తు చాలును. కాని వృథా లేని యంత్రము ఎక్కడను లేదు. మంచి పంపుసెట్టు కూడ తీసుకొన్న విద్యుత్తులో సగమును మాత్రమే నీరు తోడుటకు వినియోగించును గనుక 34 యూనిట్లు పట్టును. పాతబడినవి, సరిగా అమర్చనివి నాలుగవవంతు మాత్రమే వినియోగించును. అట్టి వానికి 67 యూనిట్లు కావలెను. పైరుకు అందిన నీరు మాత్రము రెండిటిలోను ఒకటే.

బొగ్గుతో నడచు కేంద్రములో ఒక యూనిట్ తయారుచేయుటకు మన దేశపు బొగ్గు సుమారు 700 గ్రాములు కాలును. కావున మంచి పంపు ఒక తడికి 24 కిలోల బొగ్గు కాల్చగా, చెడ్డ పంపు 47 కిలోలు కాల్చును. తీగలలో దారిపొడుగున జరుగు నష్టము ఈ లెక్కలో చేర్చలేదు.

ఈ బొగ్గు గోదావరి లోయలో 25 కోట్ల సంవత్సరములకు పూర్వము ఏర్పడినది. సింగరేణి ప్రాంతములో 1889 నుండి దానిని త్రవ్వి తీయుచున్నాము. తీసినంత తరుగుటయే గాని తిరిగి పెరుగుట లేదు. శ్రీశైలము, నాగార్జునసాగరముల వద్ద పుట్టు జలవిద్యుత్తు, ఎండ, గాలి ఇట్టివి కావు; ప్రకృతి వానిని మరల మరల ఇచ్చును. అయినను వాన తక్కువైన యేట జలాశయములు నిండవు. సరిగా ఆ యేటనే బావి మోటార్లు ఎక్కువ గంటలు తిరుగవలసి వచ్చును.

"బిల్లు కట్టని విద్యుత్తుకు పొదుపెందుకు?" అని మీరడుగవచ్చును. వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు 2004 లో మొదలైనది. 2014 లో రాష్ట్రము రెండైన పిదప కూడ రెండు చోట్లను సాగుచున్నది. కాని ట్రాన్స్‌ఫార్మరు మోయగల బరువు ఉచితముగా పెరుగదు. ఒకే ట్రాన్స్‌ఫార్మరు క్రింద ఉన్న పది మోటార్లు అవసరమునకు మించి విద్యుత్తు లాగినచో, తీగ చివరనున్న రైతుకు వోల్టేజి పడిపోవును, అతని మోటారు వేడెక్కి చుట్ట కాలును. ట్రాన్స్‌ఫార్మరే కాలినచో అందరి పైరును ఎండవలసినదే. వరి పొట్టమీద ఉన్నపుడు నాలుగు దినములు నీరందని రైతుకు ఈ నష్టమేమిటో ఎవరును చెప్పనక్కరలేదు.

మీ పంపు ఎట్టిదో మీరే తెలిసికొనవచ్చును. గొట్టము క్రింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, నిండుటకు ఎన్ని సెకండ్లు పట్టినదో గడియారముతో చూడుడు. 20 సెకండ్లు పట్టినచో సెకండుకు 10 లీటర్లు. పంపు నడుచుచుండగా నీటిమట్టము నుండి గొట్టపు మూతి వరకు ఎత్తు కొలవుడు. అది 20 మీటర్లనుకొందము. ఈ రెండు అంకెలను హెచ్చవేసి 100 చే భాగించినచో 2 వచ్చును. అనగా మీకు దక్కిన పని గంటకు 2 యూనిట్లు. మోటారు గంటకు ఎన్ని యూనిట్లు తీసుకొనుచున్నదో మీటరులో చూడుడు. మీటరు లేనిచోట విద్యుత్ సిబ్బందిచే కొలిపించుడు. 5 యూనిట్లు తీసుకొని 2 యూనిట్ల పని చేసినచో నూటికి 40 వంతులు దక్కినట్లు. 30 కి తగ్గినచో లోపమెక్కడనో వెదకవలెను.

దిగుడు బావులలో మొదట చూడవలసినది ఫుట్‌వాల్వు. ఇరుకు రంధ్రములు గలది, నాచు పట్టినది నీటిని అడ్డుకొనును. వెడల్పైన రంధ్రములు గల, రాపిడి తక్కువైన ఫుట్‌వాల్వు వాడవలెను. బోరులోని సబ్‌మెర్సిబుల్ పంపునకు ఫుట్‌వాల్వు ఉండదు.

తరువాత గొట్టము. డబ్బు మిగులునని సన్నగొట్టము వేయుట మన రైతులలో చాలమంది చేయు పని. నీరు అంతే పారవలెననినచో, వ్యాసము సగమైనపుడు రాపిడి నష్టము సుమారు 30 రెట్లగును! తుప్పుపట్టిన ఇనుప గొట్టము బదులు తగిన వ్యాసము గల గట్టి పి.వి.సి. గొట్టము వేయుడు. చదరముగా విరిగిన మోచేతి వంపులకు బదులు పెద్ద వంపులు పెట్టుడు. గొట్టపు మూతిని కాలువకు నిలువెత్తున లేపి నీరు దుముకుచుండగా చూచుట కంటికింపుగానే ఉండును. లేపిన ప్రతి మీటరుకు మోటారు అదనముగా శ్రమించును.

5 హార్సుపవరు చాలినచోట 7.5 పెట్టవద్దు. నీటి లోతునకు, కావలసిన పరిమాణమునకు తగిన ఐ.ఎస్.ఐ. గుర్తుగల పంపును ఎన్నుకొనుడు. 5 హార్సుపవరు మోటారుకు 2 కె.వి.ఎ.ఆర్. కెపాసిటరు బిగించవలెను. దీనివలన మోటారు వాడు యూనిట్లు అంతగా తగ్గవు గాని, తీగలలో కరెంటు తగ్గి చివరి రైతుకు వోల్టేజి నిలుచును, ట్రాన్స్‌ఫార్మరుకు బరువు తగ్గును. ఆటో స్టార్టరు తీసివేయుట మంచిది. సరఫరా వచ్చిన క్షణముననే మోటార్లన్నియు ఒకేసారి లేచినచో ట్రాన్స్‌ఫార్మరుకు దెబ్బ. పైగా రాత్రి ఎవరును లేనపుడు మడి నిండి నీరు డొంకలోనికి పోవును.

సౌర పంపులకు 2019 లో కేంద్రప్రభుత్వము పి.ఎం. కుసుమ్ పథకము ప్రారంభించినది. ఎండకు ఖర్చులేదు, బొగ్గు కాలదు. అయితే ఎండ ప్రతి ఉదయము వచ్చును గాని, బోరులో నీరు వానపడినపుడే చేరును. చేరినదానికన్న ఎక్కువ తోడినచో సౌర పంపు క్రింద కూడ బోరు ఎండును. కావున సౌర పంపు పెట్టువారు దానితోపాటు బిందుసేద్యము గాని, ఆరుతడి పైరు గాని ఆలోచించవలెను.

గ్రామస్థాయి అధికారులు వేసవికి ముందు ఒక్కొక్క ట్రాన్స్‌ఫార్మరు క్రింది రైతులను సమావేశపరచి, ఒక డ్రమ్ము, ఒక గడియారము, ఒక టేపు తీసుకొని పంపులన్నిటిని వరుసగా పరీక్షింపజేయవచ్చును. వచ్చిన అంకెను తేదీతో మోటారు గది గోడపై వ్రాసి ఉంచినచో మరుసటి యేడు సరిచూచుకొనుటకు వీలగును.