గుర్రానికి గాలి దువ్వెన

మా గుర్రం సంతకు బరువులు మోస్తుంది. నిరుడు గంత కింద మట్టి రాసుకుని దాని వీపు పుండు పడింది. ఈ సంగతి సైన్సు మాష్టారికి చెప్పగా, విదేశాల్లో గుర్రాలను శుభ్రం చేసే వాక్యూమ్ యంత్రం గూర్చి చెప్పారు.

అందులో ఫ్యాను గాలిని బయటికి నెట్టేస్తుంది. లోపల పీడనం తగ్గుతుంది. అప్పుడు బయటి గాలి దువ్వెన పళ్ళ సందుల్లోంచి గొట్టంలోకి దూరుతూ దుమ్మును, ఊడిన వెంట్రుకలను మోసుకుపోయి సంచిలో వదులుతుంది. 1901లో ఇంగ్లండులో బూత్ అనే ఇంజనీరు ఇళ్ళ దుమ్ము తీసే యంత్రం చేశాడు. దాన్ని వీధుల్లో లాగింది గుర్రాలే!

చప్పుడుకు గుర్రం బెదురుతుంది. అందుకని మొదట దూరంగా నడిపి అలవాటు చేయాలట.

మా ఊళ్ళో ఆ యంత్రం లేదు. మిత్రులారా! గంత వేసేముందు వీపు తోమి, గంత దులపండి. దసరా సెలవుల్లో నేనదే చేశాను. మళ్ళీ పుండు పడలేదు.