నలభై దాటిన పురుషులకు హితభోజనం

మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు ఒక్కరోజున వచ్చి పడే వ్యాధులు కావు. పది పదిహేనేళ్లు చప్పుడు చేయకుండా దేహంలో పెరిగి, పిల్లల చదువులు ఇంకా పూర్తికాని వయస్సులో ఇంటి యజమానిని మంచాన పడవేస్తాయి. స్త్రీలకు ముట్లు ఆగేవరకు గుండెజబ్బు నుండి ప్రకృతిసిద్ధమైన రక్షణ కొంత ఉంటుంది. పురుషులకు అది లేదు. పైగా వారిలో కొవ్వు ముందుగా పొట్టలోనే చేరుతుంది. అందుచేత ఆహార నియమాన్ని వ్యాధి వచ్చాక కాక, నలభై ఏళ్ల నాటికే అలవరచుకోవాలి.

శాస్త్రం చెప్పినది

ప్రమేహానికి కారణాలు చెబుతూ చరక సంహిత, కదలక సుఖంగా కూర్చుండటం, అతినిద్ర, పెరుగు, కొత్త ధాన్యం, బెల్లపు పదార్థాల అతిసేవనం మొదలైన వాటిని పేర్కొన్నది. కుర్చీలో పనిచేసే నేటి ఉద్యోగి జీవితానికి ఇవి ఎంత దగ్గరో వేరే చెప్పనక్కరలేదు. ఇక భోజన పరిమాణం గురించి వాగ్భటుడు అష్టాంగ హృదయంలో చక్కని కొలత ఇచ్చాడు. కడుపును నాలుగు భాగాలుగా భావించి, రెండు భాగాలు ఘనాహారంతోను, ఒక భాగం ద్రవంతోను నింపి, నాలుగవ భాగాన్ని వాయు సంచారానికి ఖాళీగా ఉంచాలన్నాడు.

పొరపాటు ఎక్కడ?

ఉదయం హడావిడిగా రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం కేరేజిలో చల్లారిన అన్నం, సాయంత్రం టీతోపాటు మిరపకాయ బజ్జీలు, రాత్రి తొమ్మిదిన్నరకు తీరికగా కడుపునిండా భోజనం, వెంటనే నిద్ర. అనేక ఇళ్లలో పురుషుల దినచర్య ఇదే. జఠరాగ్ని బలంగా ఉండే మధ్యాహ్నం తక్కువ తిని, అది మందగించే రాత్రివేళ ఎక్కువ తినడమే ఇందులోని దోషం. దీనికి తోడు, అలసి వచ్చాడన్న ఆపేక్షతో ఇంట్లోవారు కొసరి కొసరి వడ్డిస్తారు. ఆ ఆపేక్షను అన్నంలో కాక కూరలో చూపితే మేలు.

కంచం ఎలా ఉండాలి?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2000 కేలరీల ఆహారంలో ధాన్యాలు 250 గ్రాములు, పప్పుదినుసులు 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు ఉండాలి. ఇవి వండకముందు తూకాలు. మన ఇళ్లలో అన్నం రాశిగా, కూర నంజుడుగా ఉంటుంది. ఆ వరుస మారాలి. మొదట ఒక కప్పు కూర, కొంత పప్పు ఉత్తగా తిని, తర్వాత అన్నం కలుపుకుంటే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగదు.

దినచర్య

* ఉదయం: పెసరట్టు, లేదా కూరగాయలు వేసిన ఉప్మా. పూరీ, వడ పండుగలకు పరిమితం.
* మధ్యాహ్నం: ప్రధాన భోజనం. దంపుడు బియ్యం, జొన్నలు, కొర్రలు మార్చి మార్చి వాడాలి.
* సాయంత్రం: వేయించిన శనగలు, జామపండు, లేదా పలుచని మజ్జిగ.
* రాత్రి: ఎనిమిది లోపల జొన్నరొట్టె, కూర. పెరుగుకు బదులు మజ్జిగ.
* భోజనానంతరం పది పదిహేను నిమిషాల మెల్లని నడక.

ఉప్పు విషయం

రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చెంచా, మించరాదు. ఊరగాయ, అప్పడం, ఊరమిరపకాయల ఉప్పు కూడా ఇందులోనిదే. సైంధవ లవణమైతే ఎంతైనా వాడవచ్చునని కొందరు భావిస్తారు. అదీ ఉప్పే. రక్తపోటు విషయంలో దానికి మినహాయింపు లేదు.

గృహవైద్యం

ఒక చెంచా మెంతులు రాత్రి నానబెట్టి పరగడుపున నమిలి తినడం మధుమేహులకు కొంత ఉపకరిస్తుంది. కాకరకాయను నూనెలో వేపుడు చేయక, పులుసుగానో ఉడికించిన కూరగానో వాడాలి. ఇవి పథ్యానికి సహాయకాలే గాని, వైద్యుడిచ్చిన మందులకు ప్రత్యామ్నాయాలు కావు. మందులు స్వయంగా మానరాదు. ఇన్సులిన్ గాని, చక్కెర మాత్రలు గాని వాడేవారు వైద్యుని అడగక ఉపవాసాలు చేయరాదు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు పప్పులు, ఆకుకూరలు పెంచేముందు వైద్యుని సంప్రదించాలి.

ఇంట్లోనే పరీక్ష

నెలకొకసారి బొడ్డు మట్టాన టేపుతో నడుము కొలుచుకోవాలి. పురుషులకు 90 సెంటీమీటర్లు, అంటే సుమారు 35½ అంగుళాలు, దాటితే అది హెచ్చరిక. ఏటా ఒకసారి రక్తపోటు, రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోవాలి. పొగాకు, మద్యం విడువక ఎంత పథ్యం చేసినా ఫలితం అంతంతమాత్రమే.

చివరగా ఒక మాట. ఇంటి యజమానికి వేరుగా పథ్యం వండితే నెల తిరగకుండా అది మూలబడుతుంది. ఇంటిల్లిపాదికీ అదే వంట అయితే ఆయనకు అది పథ్యమనే అనిపించదు. పిల్లలకు కూడా మంచి అలవాటు చిన్ననాటి నుండే అబ్బుతుంది.