పురుగుమందుల దుకాణంలో భాష: రైతు అడిగేది, డీలరు చెప్పేది, లేబులుపై ఉండేది

మండల కేంద్రంలోని ఎరువులు, పురుగుమందుల దుకాణం ఒక చిన్న వ్యాపారం. యజమాని, ఒకరిద్దరు గుమాస్తాలు, గోడల వెంట అరలలో సరుకు, ఒక అరువు పుస్తకం. అయినప్పటికీ పైరుకు ఏ మందు, ఎంత మోతాదులో, ఎప్పుడు వాడాలన్న నిర్ణయాలు చాలావరకు ఆ కౌంటరు దగ్గరే జరుగుతాయన్నది విస్తరణ రంగంలో పనిచేసినవారందరూ ఎరిగినదే. అక్కడ అమ్ముడయ్యే సరుకు పేరు ఇంగ్లీషు, దాని రూపాన్ని తెలిపే పొట్టి అక్షరాలు ఇంగ్లీషు, బిల్లు ఇంగ్లీషు. కొనేవారిలో ఎక్కువమందికి ఇంగ్లీషు చదవడం రాదు. కొందరికి తెలుగు చదవడమూ రాదు. ఈ ఇద్దరూ భాష విషయంలో ఒకరి నుండి ఒకరు ఏమి ఆశిస్తున్నారు, ఆ ఆశింపు ఎక్కడ తప్పుతున్నది, తప్పినప్పుడు నష్టం ఎవరిది అన్నవి సస్యరక్షణకు సంబంధించిన ప్రశ్నలు. వాటిని భాషాభిమానం కింద జమకట్టి పక్కన పెట్టడానికి వీలులేదు.

చట్టం ఆశించినది

1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద 1971లో రూపొందిన నియమావళి ఈ విషయంలో స్పష్టంగానే ఉన్నది. లేబులును, ప్యాకెట్టులో ఉంచే కరపత్రాన్ని హిందీలోను, ఇంగ్లీషులోను, ఆ సరుకు అమ్ముడయ్యే ప్రాంతంలో వాడుకలో ఉన్న ఒకటి రెండు ప్రాంతీయ భాషలలోను ముద్రించాలి. ఏ పురుగుకు, తెగులుకు లేదా కలుపుకు వాడాలి, ఎట్లా వాడాలి, విష లక్షణాలు, ప్రథమ చికిత్స, విరుగుడు, ఖాళీ డబ్బాను ఏమి చేయాలి అన్న వివరాలన్నీ కరపత్రంలో ఉండాలి. కాగితంపై లోటు లేదు. అయితే 100 మి.లీ. సీసాకు చుట్టిన లేబులులో మూడు భాషలు ఇమడాలంటే అక్షరం ఎంత చిన్నదవుతుందో ఒక సీసాను చేతిలోకి తీసుకొని చూస్తే తెలుస్తుంది. కరపత్రం సంగతి వేరే చెప్పనక్కరలేదు. మూత తీసిన నిమిషంలోనే అది పొలం గట్టున పడిపోతుంది. అందులోని తెలుగు కూడా చాలా సందర్భాలలో ఇంగ్లీషు వాక్యానికి తెలుగు మాటలు అతికించినట్లుంటుంది. చదవగల రైతు సైతం రెండు పంక్తులు దాటి ముందుకు పోడు.

కాబట్టి ఆచరణలో లేబులు చేయవలసిన పనిని డీలరు నోటిమాట చేస్తున్నది. రైతు ఆశించేది కూడా అదే. ‘సీసా మీది రాత కంపెనీవాళ్లది, చెప్పవలసినది సేటు’ అన్నది అతని భావన. డీలరు ఆశింపు వేరు: లేబులుపై అంతా రాసి ఉన్నది గనుక తాను చెప్పకపోయినా లోటు లేదని, అడగనివాడికి తెలిసే ఉంటుందని అతడు అనుకుంటాడు. మోతాదు తప్పేది, జాగ్రత్తలు జారిపోయేది ఈ రెండు ఆశింపుల నడుమనే.

‘పచ్చ’ అంటే ఏ రంగు?

చదువురాని వారికోసం నియమావళి రంగుల పద్ధతిని ఏర్పరచింది. లేబులుపై వజ్రాకారపు గుర్తు ఉంటుంది. దాని పై సగంలో హెచ్చరిక పదం, కింది సగంలో రంగు. నోటి ద్వారా లోపలికి పోయినప్పుడు పరీక్షా జంతువులలో సగం మరణించే మోతాదు, శరీర బరువు కిలోకు 1 నుండి 50 మి.గ్రా. అయితే ఎరుపు, 51 నుండి 500 అయితే పసుపు, 501 నుండి 5000 అయితే నీలం, 5000 దాటితే ఆకుపచ్చ. ఎరుపు రంగు మందుపై పుర్రె, ఎముకల గుర్తు అదనంగా ఉంటుంది.

అక్షరం అక్కరలేని ఈ పద్ధతిని మనం శిక్షణలలో తేలికగా బోధిస్తాము. కానీ రంగుకు పేరు పెట్టి చెప్పవలసి వచ్చినప్పుడు అది మళ్లీ భాషలోకే వస్తుంది. తెలుగులో ‘పచ్చ’ అన్న మాట పసుపునూ చెబుతుంది, ఆకు రంగునూ చెబుతుంది. పచ్చకామెర్లు, గుడ్డులోని పచ్చసొన పసుపు. పచ్చగడ్డి ఆకు రంగు. మన శాస్త్ర పరిభాషలోనే చూడండి: పచ్చజొన్న గింజ పసుపు, పచ్చదోమ ఆకు రంగు. తెలంగాణ పల్లెలలో ‘పచ్చ రంగు’ అంటే చాలామందికి మొదట తోచేది పసుపే. కోస్తా జిల్లాలలో అదే మాటకు ఆకుపచ్చ అన్న అర్థం ఎక్కువగా వినిపిస్తుంది. ఎవరి మాటా తప్పు కాదు.

ఇప్పుడు ఒక డీలరు ‘ఇది పచ్చ గుర్తు మందే, భయం లేదు’ అన్నాడనుకుందాం. అతని ఉద్దేశం నాలుగవ తరగతి. విన్న రైతుకు పచ్చ అంటే పసుపు. ఆ తరువాత అతడు పసుపు గుర్తు ఉన్న మందును ఎన్నిసార్లు చూసినా ‘భయం లేని మందు’గానే పోల్చుకుంటాడు. పసుపు తరగతి మందు విషతీవ్రతలో రెండవది. కిలోకు 500 మి.గ్రా. లోపు మోతాదు దానికీ, 5000 పైమాట ఆకుపచ్చకూ. అంటే కనీసం పది రెట్ల తేడా ఒక్క రంగు పేరులో కలిసిపోతున్నది. చేతి తొడుగులు, ముఖానికి గుడ్డ కట్టుకోవడం వంటి జాగ్రత్తలన్నీ ఈ పోలికమీదనే ఆధారపడతాయి. శిక్షణలో ‘పచ్చ’ అన్న మాటను ఒంటరిగా వాడకూడదు. పసుపుకొమ్ము రంగు, వేపాకు రంగు అని వస్తువుతో కలిపి చెప్పడం, చెబుతూ గుర్తును వేలితో చూపడం ఉత్తమం. పై సగంలోని హెచ్చరిక పదాల విషయమూ ఇంతే. ‘జాగ్రత్త’ అన్నది బడికి వెళ్లే పిల్లలకు కూడా రోజూ చెప్పే మాట. విషతీవ్రతలో అది ఒక మెట్టు పేరని ఎవరూ దానంతట గ్రహించరు.

ఒకే మాట, అనేక మందులు

‘మందు’ అన్న మాట విస్తృతి మరొక చిక్కు. పురుగుమందు, తెగులుమందు, కలుపుమందు, కొన్నిచోట్ల రసాయనిక ఎరువు సైతం మందే. వీటిలో ‘గడ్డిమందు’ అన్న పేరు ప్రత్యేకంగా ప్రమాదకరమైనది. పారాక్వాట్, గ్లైఫోసేట్, 2,4-డి మూడూ రైతు నోట గడ్డిమందులే. వీటి విషప్రభావం ఒకటి కాదు, చికిత్స ఒకటి కాదు. పారాక్వాట్‌కు ప్రత్యేకమైన విరుగుడే లేదు. ఆర్గానోఫాస్ఫరస్ పురుగుమందుల విషానికి వాడే అట్రోపిన్ వీటికి పనికిరాదు. బాధితుని వెంట ఆసుపత్రికి వచ్చినవారు ‘గడ్డిమందు’ అని మాత్రమే చెప్పగలిగితే వైద్యునికి విలువైన సమయం వృథా అవుతుంది. డీలరు అమ్మేటప్పుడే ‘ఏదైనా జరిగితే ఈ డబ్బాను వెంట తీసుకుపోండి’ అని చెప్పడం ఒక్క వాక్యం పని. దీనికి ఏ భాషా పాండిత్యమూ అక్కరలేదు.

దీనికి ఎదురు దిశలో మరొకటి. రసాయనం పేరు ఒకటే అయినా బలం వేరు కావచ్చు. ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం ద్రావణంగానూ దొరుకుతుంది, 70 శాతం గుళికల రూపంలోనూ దొరుకుతుంది. క్రియాశీల పదార్థం లెక్కన రెండవది ఇంచుమించు నాలుగు రెట్లు గాఢమైనది. కౌంటరు మీద రెండింటికీ పొట్టి పేరు ‘ఇమిడా’. నిరుడు వాడిన సరుకు లేనప్పుడు ‘ఇదీ అదే మందు’ అని చేతిలో పెడితే, రైతు నిరుటి కొలతనే పోస్తాడు. అంకె అతనికి చదవడం వచ్చు. అయితే ఆ అంకె దేనిని సూచిస్తుందో ఎవరూ చెప్పలేదు.

కొలతల భాష

లేబులు హెక్టారులో మాట్లాడుతుంది, రైతు ఎకరంలో ఆలోచిస్తాడు, పొలంలో కొలత ట్యాంకు, మూత. హెక్టారుకు 500 మి.లీ. మందును 500 లీటర్ల నీటిలో కలపాలని రాసి ఉన్నదనుకుందాం. హెక్టారు అంటే 2.47 ఎకరాలు, ఎకరాకు సుమారు 200 మి.లీ. మందు, 200 లీటర్ల నీరు కావాలి. 16 లీటర్ల ట్యాంకుకు 16 మి.లీ. చొప్పున పన్నెండున్నర ట్యాంకులు. హెక్టారు అన్న మాట జారిపోయి 500 మి.లీ. ఎకరాకే పోస్తే రెండున్నర రెట్లు అవుతుంది. సరైన లెక్కను ‘ట్యాంకుకు ఒక మూత’ అని కుదించి చెప్పినా చిక్కు తీరదు. మూతల పరిమాణం కంపెనీకి ఒక తీరు. చేతి పంపుకు, తైవాన్ పంపుకు ఎకరాకు పట్టే ట్యాంకుల సంఖ్య ఒకటి కాదు. మన సిఫార్సులు కూడా కొన్ని హెక్టారులో, కొన్ని లీటరు నీటికి, కొన్ని ఎకరాకు అని ఉంటున్నాయి. డీలరును తప్పుపట్టే ముందు మన ముద్రణలను సవరించుకోవడం న్యాయం.

రైతు మాటలోని రోగ నిర్ధారణ

ఇంతవరకు చెప్పినవి భాష అడ్డుపడిన సందర్భాలు. భాష తోడ్పడే సందర్భాలు కూడా తక్కువేమీ కావు, వాటిని మనం సరిగా వాడుకోవడం లేదని నా అభిప్రాయం. మిరప రైతు దుకాణానికి వచ్చి ‘ముడతకు మందు ఇవ్వండి’ అంటాడు. డీలరు తన దగ్గర ఉన్నదేదో ఇస్తాడు, లేదా రెండు మూడు కలిపి ఇస్తాడు. అయితే అదే రైతు దగ్గర ‘పై ముడత’, ‘కింది ముడత’ అన్న మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగులు, కిందికి ముడుచుకుంటే నల్లి. మొక్క గిడసబారి ఆకులు చిన్నవై గుబురుగా మారితే తెల్లదోమ వ్యాపింపజేసే వైరస్‌ను అనుమానించాలి. తామర పురుగుల మందులన్నీ నల్లిపై పనిచేయవు. వైరస్ సోకిన మొక్కను ఏ మందూ బాగుచేయదు. ‘పై ముడతా, కింది ముడతా?’ అన్న నాలుగు మాటల ప్రశ్నతో అనవసరమైన ఒక పిచికారీ ఖర్చు తప్పుతుంది. ఇది ప్రయోగశాలలో పుట్టిన పరిభాష కాదు. పొలంలో పుట్టి మన పాఠ్యాంశాలలోకి వచ్చినది.

బిల్లు

మందు విషయంలో మాట ముఖ్యమైతే, విత్తనం విషయంలో రాత ముఖ్యం. విత్తనం మొలవకపోయినా, రకం కల్తీ అయినా రైతుకు మిగిలే సాక్ష్యం బిల్లు, ఖాళీ సంచి. జాతీయ విత్తన సంస్థ దాఖలు చేసిన అప్పీలులో 2012లో సుప్రీంకోర్టు, విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని, అతడు వినియోగదారుల ఫోరాన్ని ఆశ్రయించవచ్చునని తేల్చింది. కొన్న విత్తనమంతా విత్తుకునే రైతు పరీక్షకోసం కొంత దాచి ఉంచాలని ఆశించలేమన్న అంశాన్ని కూడా గుర్తించింది. ఆ వివాదం మొదలైనది ఆంధ్రప్రదేశ్ రైతులతోనే.

అయితే వినియోగదారుల కమిషన్ వరకు వెళ్లాలంటే బిల్లుపై రకం పేరు, లాట్ నంబరు ఉండాలి. అవి ఉన్నాయో లేవో ఇంగ్లీషు రాని రైతు చూసుకోలేడు. పైగా అరువుకు తెచ్చుకున్నవాడు పంట చేతికి వచ్చి బాకీ తీరేవరకు బిల్లు అడగడానికి మొహమాటపడతాడు. అడిగితే నమ్మకం లేదన్నట్లవుతుందని అతని భయం. విత్తనాలకైనా, ఎరువులకైనా, పురుగుమందులకైనా బిల్లు ఇవ్వడం డీలరు విధి అని, అది మర్యాదకు చేసే పని కాదని రైతు శిక్షణలలో చెప్పాలి. సంచిపై ఉన్న లాట్ నంబరునూ బిల్లుపై ఉన్నదానినీ పక్కపక్కన పెట్టి పోల్చడం అక్షరాలు రానివారికీ నేర్పవచ్చు.

తెలుగు రెండవ భాష అయినవారు

‘ప్రాంతీయ భాష’ అన్నంతమాత్రాన అందరి భాష కాదు. ఆదిలాబాదు గోండులకు, భద్రాచలం ప్రాంతపు కోయలకు, శ్రీకాకుళం ఏజెన్సీ సవరలకు, తండాలలోని లంబాడీలకు తెలుగు ఇంటి భాష కాకపోవచ్చు. సింధనూరు, గంగావతి క్యాంపులలో స్థిరపడిన తెలుగు రైతులకు లేబులుపై ప్రాంతీయ భాష కన్నడం. లిపి దగ్గరిదైనందున కూడబలుక్కొని చదవగలుగుతారు గాని, ‘విరుగుడు’ వంటి మాట దగ్గర ఆగిపోతారు. ఇటువంటి చోట్ల డీలరు దగ్గర ఆ భాష మాట్లాడే గుమాస్తా ఒక్కడున్నా లేబులు చేయలేని పని జరుగుతుంది.

శిక్షణలో చేర్చదగినవి

హైదరాబాదులోని మేనేజ్ సంస్థ 2003లో ప్రారంభించిన డేసీ డిప్లొమా, డీలర్లకు స్థానిక భాషలో వ్యవసాయ శాస్త్రం నేర్పే 48 వారాల కార్యక్రమం. నేలలు, ఎరువులు, పురుగులు, చట్టాలు అన్నీ అందులో ఉన్నాయి. కౌంటరు మీద మాట్లాడే తీరును కూడా సాధన చేయించాలి. నా దృష్టిలో అందుకు అత్యంత ఉపయోగకరమైనది తిరిగి చెప్పించడం. ‘అర్థమైందా?’ అని అడిగితే ఎవరైనా అయిందనే అంటారు. ‘అన్నా, పొలానికి పోయినాక ఎన్ని ట్యాంకులు కొడతారు, ట్యాంకుకు ఎంత పోస్తారు, ఒకసారి నాకు చెప్పండి’ అని అడిగితే లోపం ఉంటే అక్కడికక్కడే బయటపడుతుంది. వానాకాలం రద్దీలో దీనికి సమయం ఎక్కడిదని డీలర్లు అంటారు. ఆ అభ్యంతరం నిజమే. ఎరుపు, పసుపు గుర్తుల మందులకు, మొదటిసారి కొనేవారికి పరిమితం చేసినా మేలే.

స్నాతకోత్తర విద్యార్థులకు ఇందులో మంచి పరిశోధనాంశం ఉన్నది. ఒక మండలంలోని దుకాణాలలో, ఇరుపక్షాల అనుమతితో, కొనుగోలు సంభాషణలను నమోదు చేయాలి. మోతాదు, విషతరగతి, కోతకు ముందు ఆగవలసిన రోజులు అన్న మూడింటిలో ఏది చెప్పారు, ఏది వదిలారు అని లెక్కించి, అదే రైతును మూడవ రోజు పొలంలో కలిసి అతడు వాడిన కొలతను తూచి చూడాలి. రంగుల పేర్ల విషయంలో తెలంగాణ నుండి ఒక మండలం, కోస్తా నుండి ఒక మండలం ఎంచుకొని, ప్రశ్నలో ‘పచ్చ’ అన్న మాటను అలాగే ఉంచి, రంగు చీటీలు ముందుంచి ఒకదానిని తీయమని అడగాలి.