డిష్‌వాషర్‌లో గిన్నెలు సర్దేటప్పుడు

చేత్తో తోమించినప్పుడల్లా పింగాణీ పళ్లేల అంచులు పెచ్చులూడుతున్నాయని బాధపడి, అమెరికాలోని ఇల్లినాయ్‌లో ఉండే జోసెఫిన్ కాక్రన్ పాత్రలు కడిగే యంత్రం తయారుచేసి 1886లో పేటెంటు పొందింది. పళ్లేల కొలతకు, కప్పుల కొలతకు విడివిడిగా తీగెల గూళ్లు అమర్చింది. ఇప్పటికీ సగం పని ఆ సర్దడంలోనే ఉంది. గిన్నెలు జిడ్డుగా వచ్చాయంటే చాలాసార్లు నీళ్లకు దారి లేకుండా కుక్కామనే అర్థం.

చేయవలసినవి

మెతుకులు, కరివేపాకు, ఎముకలు చెత్తబుట్టలోకి తోసేయండి. ముందే తోమి పెట్టనక్కర్లేదు. అడుగంటిన పాలగిన్నెను మాత్రం నానబెట్టండి.

గిన్నెలు, గ్లాసులు కాస్త వాల్చి బోర్లించాలి. పళ్లేల ముఖం నీళ్లు చిమ్మే వైపు ఉండాలి. అంచు లేచిన మన స్టీలు కంచాలను ఒక గూడు వదిలి ఒక గూట్లో నిలబెడితేనే మధ్యలోకి నీళ్లు వెళతాయి. ఇడ్లీ రేకులు విడదీయండి. ప్లాస్టిక్ డబ్బాలు పై అరలోనే పెట్టాలి. చాలా యంత్రాల్లో నీళ్లు కాగే కాయిల్ అడుగున ఉంటుంది, ఆ వేడికి అవి వంకరపోతాయి. కత్తుల మొన కిందికి ఉండాలి.

తలుపు వేసేముందు నీళ్లు చిమ్మే రెక్కను చేత్తో ఒకసారి తిప్పి చూడండి. గరిటె కాడ ఒక్కటి అడ్డుపడినా అది ఆగిపోతుంది.

చేయకూడనివి

ఇనప పెనం, ఇనప మూకుడు అసలు పెట్టకండి. ఏళ్లతరబడి పట్టిన నూనె పొర పోయి తుప్పెక్కుతాయి. డిటర్జెంటులోని క్షారానికి అల్యూమినియం నల్లబడుతుంది. ఇత్తడి, రాగి మెరుపు పోతుంది. చెక్క పప్పుగుత్తి పగుళ్లిస్తుంది. కుక్కర్ స్టీలుదైనా మూత, రబ్బరు, వెయిటు చేత్తోనే కడగండి. వెయిటు కూర్చునే గొట్టంలో మెతుకు ఇరుక్కుంటే ఆవిరికి దారి మూసుకుపోతుంది, అది ప్రాణం మీదికి తెస్తుంది.

చేత్తో తోమే లిక్విడ్ పోయకండి, నురగ పొంగి నేలంతా పారుతుంది. బోరు నీళ్లున్న ఇళ్లలో నీటి కఠినత్వం తగ్గించే ఉప్పు తప్పనిసరే గానీ, డిష్‌వాషర్ ఉప్పే వేయాలి, వంటింటి ఉప్పు కాదు.

పసిపిల్లలున్న ఇంట్లో తలుపు తెరిచి వదలకండి. డిటర్జెంటు బిళ్లలు మిఠాయిల్లా కనిపిస్తాయి, కానీ నోరు, గొంతు కాల్చేస్తాయి. వాటిని అందనంత ఎత్తులో పెట్టి, తలుపు వేసే క్షణంలోనే బిళ్ల వేయండి. పిల్లలు నోట్లో పెట్టుకున్నారని అనుమానమొస్తే వాంతి చేయించకండి. నోరు నీళ్లతో తుడిచి, ఆ డబ్బా కూడా పట్టుకుని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.